మాస్టారు దిగిన స్టేషను

దర్జీకి తన కుట్టు మీద ఉన్న నమ్మకం ఇంక దేనిమీదా లేదు. అందుకే ప్రయాణం ముందురోజు డ్రాయింగు మాస్టారి భార్య వచ్చి, "అన్నయ్యగారూ, ఆయన చెయ్యి మాత్రం వదలకండి," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, దానికంత బెంగెందుకమ్మా, నేను చూసుకుంటానుగా అని తేలిగ్గా కొట్టిపారేశాడు. ఆ రాత్రే ఒకే తానులోంచి మూడు చొక్కాలు కత్తిరించాడు. ఎంత జనంలో ఉన్నా కొట్టొచ్చినట్టు కనపడే పసుపు రంగు. మాస్టారి చొక్కాకి మాత్రం లోపలివైపు చిన్న జేబు పెట్టి, మాస్టారి పేరు, హోటలు పేరు, తన ఫోను నంబరు రాసిన ప్లాస్టిక్ కార్డు అందులో వేసి మూతి కుట్టేశాడు. ఇంత తెలివి తనకి తప్ప ఎవరికొస్తుందని లోపల్లోపల మురిసిపోయాడు కూడా.

దర్జీ, మాస్టారు, కాంపౌండరు ముగ్గురూ ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళు. విమానమెక్కి పెద్ద నగరమేదైనా చూసి రావాలని ముప్పై ఏళ్ళుగా అనుకుంటూనే ఉన్నారు. ఇప్పుడు కదలడానికి కారణం మాస్టారి మతిమరుపు. ఏడాది తిరిగేసరికి మనుషుల్ని గుర్తుపట్టడం కూడా కష్టమవుతుందని డాక్టరు తేల్చి చెప్పాడు. వాడికి మనం గుర్తుండగానే తిప్పుకొద్దాం అన్నాడు కాంపౌండరు. ఆ మాట దర్జీ గుండెలో గుచ్చుకుంది, కానీ కాదనలేకపోయాడు.

మూడు రోజులు హాయిగా గడిచాయి. మెడలు పట్టేసేదాకా అద్దాల మేడలు చూశారు. వంతెనల మీద నడిచారు. కదిలే మెట్లు ఎక్కడానికి కాంపౌండరు పడ్డ అవస్థ చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. మాస్టారు ఎక్కడ కూర్చుంటే అక్కడ పుస్తకం తీసి బొమ్మ వేసేవాడు. పొద్దున వేసిన మేడనే సాయంత్రం మళ్ళీ వేస్తుంటే, ఎంత బాగుందిరా అనేవాళ్ళు తప్ప ఇంకో మాట అనేవాళ్ళు కాదు.

నాలుగోరోజు పొద్దున కాంపౌండరుకి కడుపులో తేడా చేసింది. ఊరందరికీ మందులిచ్చిన మనిషి తనే నాలుగు మాత్రలు మింగి గదిలో ముసుగు తన్నాడు. మిగిలిన ఇద్దరూ డ్రైవరు లేని రైలు ఎక్కుదామని బయల్దేరారు. మాస్టారు ఎక్కి, అన్నిటికంటే ముందున్న అద్దం దగ్గర చిన్నపిల్లాడిలా నిలబడ్డాడు. ఆ మొహం చూసి దర్జీకి ఫొటో తియ్యాలని ఆశ పుట్టింది. బయటినుంచైతే రైలు మూతీ మాస్టారూ ఒకే ఫొటోలో పడతారని చెయ్యి వదిలి ప్లాట్‌ఫారం మీదికి ఒక్క అడుగు దిగి తీశాడు. ఇంతలో తలుపులు మూసుకున్నాయి. అద్దాన్ని అరచేతులతో బాదాడు. మాస్టారు నవ్వుతూ చెయ్యి ఊపాడు. రైలు వెళ్ళిపోయింది.

తర్వాతి రైలెక్కి తర్వాతి స్టేషనులో చూశాడు. లేడు. ఆ పైదాంట్లోనూ లేడు. స్టేషను యూనిఫాంలో ఉన్న ఒక అమ్మాయి దగ్గరికి పరుగెత్తి తన భాషలోనే మొరపెట్టుకున్నాడు. ఆ అమ్మాయి మాటల్ని అనువదించే తన ఫోను ముందుకు పెట్టింది. ఆ ఫోను వ్యాకరణం మింగినట్టున్న తెలుగులో, మీ మిత్రుడు ఎట్టి వస్త్రములు ధరించెను అని అడిగింది. వేరే రోజయితే దర్జీ పడీపడీ నవ్వేవాడు. ఇప్పుడు తన చొక్కా చూపించి, అచ్చం ఇదే అన్నాడు. అందులో కార్డుందని, చూసినవాళ్ళు తనకి ఫోను చేస్తారని కూడా చెప్పి, కళ్ళప్పగించి తన ఫోనుకేసి చూస్తూ కూర్చున్నాడు.

అరగంటకి ఫోను మోగింది. మాస్టారి భార్య. ఆయనకొకసారి ఇవ్వండి అంది. నిద్రపోతున్నాడమ్మా అన్నాడు దర్జీ. పట్టపగలు నిద్రేమిటని ఆవిడ అడగలేదు. అడగనందుకు అతనికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఫోను జేబులో పెట్టుకోబోతుంటే చొక్కా లోపల గట్టిగా ఏదో తగిలింది. తడిమి చూసుకున్నాడు. కార్డు. హోటలువాళ్ళు ఉతికి తెచ్చిన మూడు చొక్కాల్లో చేతికందింది తొడుక్కున్నాడు పొద్దున. తనకీ మాస్టారికీ ఒకటే కొలత. ఎవరి బట్ట ఎవరిదో తెలియడానికి ప్రతి కాలరు వెనకా రంగుదారంతో గుర్తు వేసే మనిషి, సొంత స్నేహితుడి చొక్కాకి ఆ గుర్తు వెయ్యలేదు. అక్కడే తల బాదుకున్నాడు.

అమ్మాయి అతన్ని లోపలి గదికి తీసుకెళ్ళింది. గోడనిండా కెమెరా తెరలే. వాటిలో జనం, జనం, జనం. వెనక్కి తిప్పగా తిప్పగా పసుపు చొక్కా కనపడింది. ఐదో స్టేషనులో దిగి, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేసి నడిమధ్యలో ఆగిపోయాడు మాస్టారు. చుట్టూ జనం నీళ్ళలా పోతున్నారు. అది ఇందాకటి సంగతని తెలిసి కూడా, కదలకురా అని దర్జీ తెరతో అన్నాడు. ఆ అమ్మాయి అతని భుజం మీద చెయ్యి వేసి ఇంకో తెర చూపించింది. ఇప్పటిది. మాస్టారు బల్ల మీద కూర్చుని ఉన్నాడు, పక్కన స్టేషను మనిషి ఒకడు కాపలా ఉన్నాడు.

అమ్మాయిని వెంటబెట్టుకుని ఎలా వెళ్ళాడో అతనికే తెలియదు. రైలు దిగి పరుగెత్తి, మాస్టారి పక్కన కూలబడి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఒరేయ్, దొరికావురా. లే, గదికి పోదాం."

మాస్టారు నొప్పించకుండా చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"ఏమనుకోకండి, నేను రాలేను. మా స్నేహితుడొకడు వెనకబడిపోయాడు. దర్జీ పనిచేస్తాడు. వట్టి కంగారు మనిషి, వచ్చేసరికి నేను లేకపోతే తట్టుకోలేడు."

"నేనేరా వాణ్ణి," అన్నాడు దర్జీ.

మాస్టారు అతని కళ్ళనీళ్ళు చూసి జాలిపడ్డాడు. పాపం, ఈయనకూ ఎవరో తప్పిపోయినట్టున్నారనుకుని కాస్త జరిగి చోటిచ్చాడు. స్టేషను మనిషి, అమ్మాయి మొహమొహాలు చూసుకున్నారు. బలవంతాన లేవదీస్తే, ఎవరికోసమైతే అంత నమ్మకంగా కూర్చున్నాడో ఆ మనిషిని వదిలేసి రమ్మన్నట్టే. దర్జీ ఆ చోట్లోనే కూర్చున్నాడు.

మరో రైలొచ్చి తలుపులు తెరుచుకున్నాయి. మాస్టారు సగం లేచి, దిగినవాళ్ళ మొహాలు ఒక్కటీ వదలకుండా చూసి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఇందులోనూ రాలేదండీ," అన్నాడు దర్జీతో.