మిగిలిన వెదురు బద్ద

డబ్బా తిరగేసి దులిపితే వెదురు బద్ద ఒకటి కింద పడింది. వేలెడు పొడవు, అంచులు నున్నగా చెక్కి ఉన్నాయి. అది మిగలకూడదు.

మాది కాలిపోయిన మోటార్లకు కొత్త రాగితీగ చుట్టే షాపు. మోటారు లోపల గుండ్రటి ఇనుప చట్రానికి వరసగా గాళ్ళుంటాయి. ఒక్కో గాడిలో కాగితం పరిచి, తీగచుట్ట కూర్చి, అది పైకి లేచి మధ్యలో తిరిగే ఇనుప దిమ్మెకు రాసుకుని కాలిపోకుండా వెదురు బద్ద దూర్చి బిగిస్తాం. ముప్పై ఆరు గాళ్ళుంటే నాన్న సరిగ్గా ముప్పై ఆరు బద్దలే చెక్కుతాడు. ఇంకోటి ఎక్కువ చెక్కితే నీ సొమ్మేం పోయిందంటే వినడు. "డబ్బా ఖాళీ అయితే పని అయినట్టు. ఒక్కటి మిగిలినా తప్పు మోటార్లో ఉన్నట్టు" అంటాడు. మొదటి గాడి దగ్గర ఎర్రచుక్క పెడతాం. అక్కణ్ణుంచి కుడి సగం ఆయన, ఎడమ సగం నేను బిగిస్తాం.

నిన్న చేసింది ముప్పై ఆరు గాళ్ళ మోటారు ఒక్కటే. ఫ్యాక్టరీలో పెద్ద ఇనుప ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్‌ది. పొద్దున్నే పట్టుకుపోయారు. ఈపాటికి ఆ ట్యాంకు అడుగున కూర్చుని వెల్డింగ్ చేస్తున్నది మా తమ్ముడు. గాలి ఆగిందంటే పొగంతా లోపలే కమ్ముకుంటుంది. నిచ్చెన దాకా కూడా రాలేడు.

"నాన్నా, బద్ద మిగిలింది."

నాన్న దాన్ని వేళ్ళతో తడిమి చూశాడు. "పాతదేమోనే."

"నిన్న డబ్బా కడిగింది నువ్వేగా? పాతదెలా వస్తుంది?"

ఆయన బద్దను జేబులో వేసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆర్నెల్లుగా చూస్తున్నాను, పక్కనున్న కటింగ్ ప్లయర్ కోసం బల్లంతా తడుముకుంటాడు. అడిగితే చేతికి అందలేదంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు.

"నీకు కళ్ళు ఆనడం లేదు. పని మానెయ్యమంటే మానవు. నీ పంతానికి వాడి ప్రాణం తీస్తావా?" అనేశాను.

నాన్న ముఖం నల్లబడింది. స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని చెప్పులు కూడా వేసుకోకుండా బయటకు నడిచాడు.

నేనూ వెనకే పరుగెత్తాను. ఫ్యాక్టరీకి చేరే దారి పొడుగునా అక్కడి సూపర్‌వైజర్‌కు ఫోన్ చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, ఎత్తడు. ఆ చప్పుళ్ళలో ఎవరికి వినబడుతుంది? రెండు వీధుల దూరం రెండు ఊళ్ళంత అయింది.

మేం వెళ్ళేసరికి బ్లోయర్ హాయిగా తిరుగుతోంది. ట్యాంకు మీద తెరిచిన మూతలోంచి వెల్డింగ్ వెలుగు చిమ్ముతోంది.

"పని ఆపాలండీ. మోటార్లో బద్ద ఒకటి తక్కువుంది" అన్నాను.

సూపర్‌వైజర్ నవ్వాడు. "బద్దకే ఇంత పరుగా? బంగారంలా నడుస్తోంది కదమ్మా. సాయంత్రానికి ఈ అతుకు పూర్తి కావాలి."

నాన్న అతనితో వాదించలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, స్క్రూడ్రైవర్ కొన మోటారుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకున్నాడు. మోటారు లోపలి చప్పుడు మేం ఎప్పుడూ అలాగే వింటాం.

"లోపల రాసుకుంటోంది. తీగ పైకి లేచింది. వాణ్ణి పైకి పిలవండి!"

"పెద్దాయనా, ఒక్క పది నిమిషాలు..."

నాన్న లేచి ట్యాంకు గోడ మీద స్క్రూడ్రైవర్‌తో దబదబా బాదాడు. లోపల వెలుగు ఆగిపోయింది. నేను మూత దగ్గరికెక్కి గొంతు చించుకుని అరిచాను. నిచ్చెన కదిలింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు. నా ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాను. తమ్ముడి తల బయటికొచ్చింది. వాడు ఒక కాలు ఇవతల పెట్టాడో లేదో, వెనక చిటపటమని మోటారు పొగ కక్కి ఆగిపోయింది.

సూపర్‌వైజర్ నవ్వు ఎటు పోయిందో తెలియదు. నేను తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చేశాను.

చల్లారాక మోటారు విప్పాం. నాన్న ఎర్రచుక్క మీద వేలు పెట్టి గాళ్ళు తడుముకుంటూ వెళ్ళాడు. ఆయన బిగించిన కుడి సగమంతా బద్దలున్నాయి. నేను బిగించిన ఎడమ సగంలోకి వెళ్ళాడు. ఒకచోట వేలు ఆగింది. ఆయన నా వేలు పట్టుకుని ఆ గాడిలో పెట్టాడు. మసిబారిన తీగ గుచ్చుకుంది.

నిన్న సరిగ్గా అక్కడుండగానే పిన్ని ఫోన్ చేసింది. పావుగంట కబుర్లు చెప్పి వచ్చి, అది బిగించడం మరిచి పక్క గాడి అందుకున్నాను. గురివింద గింజ తన నలుపెరగదని ఊరికే అన్నారా?

"ఇది బిగించిందెవరు?" అన్నాడు సూపర్‌వైజర్. అందరూ నాన్న దళసరి కళ్ళద్దాల వైపే చూశారు. నాన్న నోరు తెరిచాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలుసు.

"నేనే," అన్నాను ముందే. "ఆయన చేతిలో తప్పు లేదు. కళ్ళున్న నేనే చూసుకోలేదు."

తిరిగొచ్చేటప్పుడు నాన్న కాళ్ళ వైపు చూడలేకపోయాను. ఉత్త పాదాలు, ఒక వేలికి రక్తం. సగం దారిలో ఆయన జేబులోంచి ఆ బద్ద తీసి నా చేతిలో పెట్టాడు.

"పారెయ్యకు. రేపు అదే మోటారు మళ్ళీ చుట్టాలిగా. ఈసారి ముప్పై ఐదే చెక్కుతాను."