ఉప్పు తిన్న పేరు

నన్ను మీరు నేరుగా చదవలేరు. అక్షరాలన్నీ తిరగబడి ఉంటాయి. నేను ప్రెస్సులో అచ్చు వేసే ఒక జింకు బ్లాకును. జానెడు పొడవు, బెత్తెడు వెడల్పు, అడుగున టేకు చెక్క. నా ఒంటి మీద ఉన్నది ఒకటే మాట: చవిటిపర్ర. ఉప్పు పొంగి గడ్డిపోచ కూడా మొలవని నేలను అలా అంటారు. ఒక నవల అట్ట మీద అచ్చు కావడానికి నన్ను పుట్టించారు. ఒక్క అట్ట మీదా పడలేదు. అందుకు ఎవరిని తిట్టాలో నాకు బాగా తెలుసు.

బెజవాడ గవర్నరుపేటలో ఒక ఇరుకు మేడ మీద పుట్టాను. ఆర్టిస్టు రాసిన అక్షరాలను ఫొటో తీసి, ఆ నీడను నా మీదికి దించి, నన్ను ఆసిడ్ తొట్టిలో ముంచారు. అక్షరం కానిదంతా కాలిపోయింది. అంత బాధపడి పుట్టినదాన్ని కనుక నాకు పొగరు ఎక్కువే. నా యజమాని పొగరు ముందు మాత్రం అది దేనికీ చాలదు.

ఆయన పేరు ద్రోణాదుల సీతాపతి. సముద్రపు ఒడ్డున నాగులదిబ్బ దగ్గర ఒక ఉప్పు కంపెనీలో పదిహేనేళ్లు గుమాస్తాగా చేసి, మానేసి, బెజవాడలో ఇల్లు తీసుకున్నాడు. పదకొండేళ్లు కూర్చుని ఒక్క నవల రాశాడు. బీడును ఉప్పుమడులుగా మార్చిన కంపెనీ వాళ్ల కష్టమే కథ. బ్లాకులు ప్రెస్సులో ఉండాలి కదా, ఈయన నన్ను రుమాలులో చుట్టి చేతిసంచిలో వేసుకుని ఊరంతా తిప్పాడు. కాఫీ హోటల్లో ఎదురు కూర్చున్నవాడికి కూడా విప్పి చూపించేవాడు. వాడు తలకిందులుగా చూసి "బాగుందండీ" అనేవాడు.

ఒక శనివారం పొద్దున పబ్లిషరు చలమయ్య కబురు పెట్టాడు. సీతాపతి వెళ్లేసరికి చలమయ్య ఒక పల్చటి పుస్తకాన్ని బల్ల మీదికి విసిరాడు.

"ఇదేంటండీ సీతాపతిగారూ?"

రంగు వెలిసిన పసుపు అట్ట. దాని మీద నా పేరే. చవిటిపర్ర, నవల, కొక్కిలిగడ్డ నాంచారమ్మ.

"ఎవరీవిడ?" అన్నాడు సీతాపతి.

"బందర్లో టీచరంట. నాలుగేళ్ల కిందట సొంతంగా వేసుకుంది. ఎవరికీ తెలీదు. లైబ్రరీ వాళ్ల దగ్గర ఒక కాపీ ఉంటే, నా ఖర్మ కొద్దీ మా కంపోజిటరు కంట్లో పడింది."

"అయితే నేను కాజేశానంటారా?"

"నేననను. రేపు లోకం అంటది. మీ పుస్తకంలో ప్రతి పేజీ నెత్తిన ఈ పేరే ఉంది. పదహారేసి పేజీల ఫారాలు ఆరు అచ్చయి కూర్చున్నాయి. ఇప్పుడు పేరు మారిస్తే అన్నీ చెత్తలోకే. మీరు బందరు వెళ్లి, తనకేం అభ్యంతరం లేదని ఆవిడ చేత ఒక కాగితం రాయించుకు రండి. నాలుగు మంచి మాటలు చెబితే రాసిచ్చేస్తది."

మర్నాడే బందరు బస్సెక్కాడు. అచ్చయిన మొదటి ఫారం, ఆవిడ పుస్తకం, నేను, ముగ్గురం ఒకే సంచిలో. దారిలో మూడుసార్లు ఆ పుస్తకం బయటికి తీశాడు. అట్ట చూశాడు, లోపల బొటనవేలు పెట్టాడు, మళ్లీ మూసేశాడు. చదివితే బాగుందని తేలుతుందేమోనని భయం. మనుషులు శత్రువును చూడటానికి భయపడరు, మెచ్చుకోవాల్సి వస్తుందనే భయపడతారు.

నాంచారమ్మ ఇంటి అరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. ముప్పై నాలుగేళ్లుంటాయి. మర్యాదగానే కుర్చీ వేసి మంచినీళ్లిచ్చింది. ఈయన వచ్చిన పని చెప్పాడు.

"పేరొక్కటే కదమ్మా. మీ కథ వేరు, నాది వేరు."

"నాది చదివారా అండీ?"

"ఇంకా లేదు."

"మరి వేరని ఎట్టా తెలిసింది?"

సీతాపతికి చుర్రుమంది. నన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. ఫారం విప్పి చేతికిచ్చాడు. "చూడండి. పదకొండేళ్ల కష్టం. మొదటి వాక్యం చదవండి చాలు, నేనేపాటి రచయితనో మీకే తెలుస్తుంది."

ఆమె నన్ను పక్కకు నెట్టి ఫారం అందుకుంది. పైకే చదివింది. "పశువు మేయనిది, మనిషి నిలవనిది, దేవుడు కూడా పేరు పెట్టక వదిలేసినది ఈ చవిటిపర్ర."

అక్కడ ఆగిపోయింది. చేతిలో ఎర్రకలం కింద పడినా చూసుకోలేదు.

"ఈ వాక్యం మీకెక్కడిది?"

"నాదేనమ్మా. ఇరవై ఆరేళ్ల కిందట రాసుకున్నది. దాని చుట్టూనే నవలంతా అల్లాను."

"రాసుకున్నదా? ఉప్పు కంపెనీ నోటీసులో రాసిందా?"

ఆమె తన పుస్తకాన్ని ఆయన సంచిలోంచి తానే లాగి, వెతుక్కోకుండా ఒక పేజీ తెరిచి ఆయన మోకాళ్ల మీద పడేసింది. కంపెనీ నోటీసు మొత్తం అందులో ఉంది. నడుమ ఆ వాక్యం, అక్షరం తేడా లేకుండా.

"మాది నాగులదిబ్బ. చేపలెండబెట్టే పాక గుంజకి అంటించారు దీన్ని. ఊరంతటికీ చదువొచ్చింది నాకొక్కదానికే. నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా నాన్న భుజాల మీదెక్కించుకుని చదవమన్నాడు. కూడబలుక్కుని చదివా. దేవుడు పేరు పెట్టలేదన్న చోట అందరూ నవ్వారు. ఎందుకంటే దానికి పేరుంది. గేదెలు మేసే బీడది. నెల తిరక్కుండా కంపెనీ వాళ్లు గట్లేసి మమ్మల్ని తోలేశారు. పనికిరాని నేలన్నారు కాబట్టి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదన్నారు. మా నాన్న ఆ గట్ల మీదే కూలికెళ్లి కాళ్లు పుళ్లు పడి పోయాడు."

"అది ఉద్యోగమమ్మా. మేనేజరు చెప్పింది రాశాను."

"మేనేజరు 'పనికిరాని నేల' అని రాయమనుంటాడు. దేవుణ్ణి తెచ్చింది నువ్వు."

మీరు పోయి నువ్వు వచ్చింది. పక్కింటామె ప్రహరీ మీదుగా తొంగి చూసింది. సీతాపతి తిట్టాలనుకున్నాడో, దండం పెట్టాలనుకున్నాడో నాకు తెలియదు. రెండూ చేతకాక నన్ను ఆమె వైపు జరిపాడు.

"పేరు మీకే వదిలేస్తాను. ఈ బ్లాకు ఉంచండి. రెండో ముద్రణకి పనికొస్తుంది."

"ఒకసారి నీ మాట మా నేల మీద గుద్దావు. నా పుస్తకం మీద కూడానా? తీసుకుపో."

ఆ మాటకు ఆమె మీద నాకు పుట్టిన కసి ఇంతా అంతా కాదు. నేనేం పాపం చేశాను?

సీతాపతి మెట్లు దిగి, మళ్లీ వెనక్కి తిరిగాడు. "ఆ బీడు అసలు పేరేంటమ్మా?"

"నా పుస్తకంలో కూడా రాయలేదు. మీ కంపెనీ పెట్టిన పేరే అట్ట మీదేశా, చూసి సిగ్గుపడతారని. అసలుది నీకు చెప్పను. చెబితే రేపు దాన్నీ రాసుకుంటావు."

తిరుగు బస్సులో ఆయన ఆ పుస్తకం మొదలుపెట్టాడు. బెజవాడ బస్టాండులో అందరూ దిగిపోయినా చివరి పేజీల దగ్గరే ఉన్నాడు. కండక్టరు భుజం తట్టి దింపాడు.

తరవాత ఆరు రోజులు నవలను బాగుచేయాలని చూశాడు. పేరు కొట్టేశాడు. మొదటి వాక్యం కొట్టేశాడు. దాని వెనక రెండోది నిలబడలేదు, అదీ కొట్టేశాడు. ఏ పేజీ తిప్పినా బీడు పాడుగానే ఉంది, మనుషులు లేరు. నాగులదిబ్బ అన్న ఊరే ఆ నవలలో లేదు. ఏడో రోజు వెళ్లి చలమయ్యతో అచ్చు ఆపేయమన్నాడు.

"ఒక టీచరమ్మకి భయపడ్డారా? మగాడివేనా నువ్వు?" అని అరిచాడు చలమయ్య.

"ఆవిడకి కాదు," అన్నాడు సీతాపతి.

ఆరు ఫారాలూ కిరాణా కొట్లో పొట్లాలయ్యాయి. నన్ను మాత్రం ఆయన ప్రెస్సులో వదల్లేదు. మళ్లీ సంచిలో వేసుకుని, పదిహేను రోజుల తరవాత నాగులదిబ్బ వెళ్లాడు.

పదిహేనేళ్లు ఉద్యోగం చేసిన చోటు. ఆఫీసు గది దాటి ఊళ్లోకి నడవడం మాత్రం అదే మొదటిసారి. మిట్టమధ్యాహ్నం. మడుల్లో ఉప్పు కళ్లు జిగేలుమనిపిస్తోంది. గట్టు మీద ఒక ముసలమ్మ గంప పక్కన పెట్టుకుని నీళ్లు తాగుతోంది.

"అమ్మా, మడులు పడకముందు ఈ చోటుని ఏమనేవాళ్లు?"

ముసలమ్మ ముఖం విప్పారింది. "ఇదా నాయనా..." అని నోరు తెరిచి, మళ్లీ ఆయన చొక్కా, కళ్లజోడు చూసి ఆగింది. "ఇంతకీ నువ్వెవరి తాలూకు?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఆ గంట వరకూ నేను ఈ మనిషిని అసహ్యించుకుంటూనే ఉన్నాను, ఇప్పుడూ మానలేదు. కానీ ఆయన అబద్ధం చెప్పలేదు.

"కంపెనీలో గుమాస్తాగా చేశానమ్మా. నోటీసు రాసింది నేనే."

ముసలమ్మ లేచింది. గంప నెత్తికెత్తుకుంది.

"అయితే నీకే తెలియాల. కాయితాలన్నీ మీ దగ్గరేగా ఉండేది."

వెనక్కి చూడకుండా గట్టు వెంట వెళ్లిపోయింది. సీతాపతి సంచిలో చెయ్యి పెట్టి నన్ను తీసి, రుమాలు కూడా విప్పకుండా, బలం కొద్దీ మడిలోకి విసిరేశాడు. విసిరినవాడు పడ్డచోటు కూడా చూడలేదు.

మర్నాడు ఉప్పు పోగుచేస్తుంటే ముసలమ్మ పారకు తగిలాను. రుమాలు ఊడదీసి తలకు చుట్టుకుంది. నన్ను అటూ ఇటూ తిప్పింది. ఆమెకు చదువు రాదు. వచ్చినా, తిరగబడ్డ అక్షరాలు. నీళ్ల తూము పలక వదులై కారుతుంటే దాని సందులో నన్ను చీలగా దిగ్గొట్టింది. రాయితో నాలుగు దెబ్బలు వేసింది.

ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. ఉప్పునీళ్లకు జింకు ఆగదు. ముందు తలకట్లు పోయాయి, తరవాత గుడులు. ఈ ఏడు వానలకు ముందే ఆఖరి అక్షరం కూడా కరిగిపోయింది. మధ్యాహ్నం పూట ఆడకూలీలు తూము దగ్గర కూర్చుని అన్నం తింటూ, ఈ చోటును ఏదో ఒక పేరుతో పిలుచుకుంటారు. రోజూ వింటాను. మీకు మాత్రం చెప్పను.