రౌడీ చేపలకి బుద్ధి వచ్చిన ఏడాది

"చేపకి బుద్ధి వచ్చిందని ఎలా తెలుస్తుంది, చెప్పండి చూద్దాం?"

బఠాణీలు వలుస్తూ అడిగింది అమ్మమ్మ. ఉద్యోగం వదిలి చాలా కాలమైనా, ప్రశ్న వెయ్యకుండా కథ మొదలుపెట్టడం ఆవిడకి చేతకాదు.

"చెప్పిన మాట వింటుంది," అంది మనవరాలు.

"గిన్నెల్లో మూతి పెట్టదు," అన్నాడు మనవడు, బఠాణీల మీద వాలబోతున్న చేపని చేత్తో తోలుతూ.

"ఇద్దరికీ సగం సగం మార్కులే. వినండి."

అప్పటికి ఆవిడ ఇంకా అమ్మమ్మ కాదు, ఇదే వీధి చివరి బడిలో పంతులమ్మ. సాయంత్రమయ్యేసరికి చేపలు కాలవలోంచి లేచి, గాల్లో ఈదుకుంటూ కిటికీల్లోంచి ఇళ్లలోకి రావడం అప్పుడూ ఉన్నదే. పాతచేపలు మర్యాదస్థులు. దీపం చుట్టూ ఒకసారి తిరిగి, వచ్చిన దారినే వెళ్లిపోయేవి. దోమల్ని తింటాయని ఎక్కణ్ణుంచో తెప్పించి వదిలిన చేపలున్నాయే, అవీ అసలు రౌడీలు. దోమల సంగతి దోమలకే వదిలేసి పాతచేపల తోకలు కొరికేవి, వాటి పిల్లల్ని మింగేవి. ఇళ్లలోకి దూరి కంచాలు తిరగేసేవి. అందుకే ప్రతి ఇంట్లోనూ అందరూ భోంచేస్తుంటే ఒకరు చీపురు పట్టుకుని కాపలా కాసేవారు.

పంతులమ్మ ఇంట్లో ఆ కాపలా కూతురిది. అందరూ 'పిడుగు' అనేవారు. తోలమంటే తోలి ఊరుకునే రకం కాదు. ప్రతి చేపతోనూ పేరు పెట్టి మరీ పోట్లాడేది.

ఇంతలో కాలవ ఎగువన నిద్రమాత్రల కార్ఖానా వచ్చింది. దాని గొట్టం కాలవలోకే. ఆ ఏడాదే రౌడీలకి బుద్ధి వచ్చింది. ఇళ్లలోకి వచ్చి, ఓ మూల గోడకేసి మొహం పెట్టి, ఊరికే తేలుతూ ఉండిపోయేవి.

"పీడ విరగడైంది పంతులమ్మగారూ! ఇన్నాళ్లకి మా చీపురు ఇల్లు ఊడవడానికి పనికొస్తోంది," అంది పక్కింటి టైలరమ్మ.

పిడుగు కూడా నెమ్మదించింది. పెట్టింది తినేది. జడ వేస్తే కదిలేది కాదు.

"పిల్ల ఒద్దికగా తయారైంది. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు భర్త.

పంతులమ్మకి మాత్రం మింగుడు పడలేదు. రౌడీలు నెమ్మదిస్తే పాతచేపలు పెరగాలి కదా? పెరగలేదే! తోకలు నిక్షేపంలా ఉన్నాయి, వాటిని ఆడించే ధ్యాసే లేదు. ఒక సాయంత్రం చీపురు వెతుక్కుంటూ లోపలికి వెళ్లిందావిడ. మూలన చేపలు గోడకేసి మొహం పెట్టి తేలుతున్నాయి. వాటి మధ్య, అలాగే గోడకేసి తిరిగి, కూతురు కూర్చుని ఉంది.



మర్నాడే పెరట్లో రెండు బకెట్లు పెట్టింది. ఒకదాంట్లో కాలవ నీళ్లు, రెండోదాంట్లో వాననీళ్లు. ఒక్కోదాంట్లో ఒక మత్తు చేప.

"నీళ్లకి కూడా పరీక్ష పెడుతున్నావా?" నవ్వాడు భర్త.

"పెడుతున్నా. అవైతే చూచిరాత రాయవు కదా."

కొన్నాళ్లకి, ఆయన బకెట్ల మీదికి వంగి చూస్తుంటే వాననీళ్ల చేప చివాలున లేచి ముక్కు కొరికింది. కాలవ నీళ్ల చేప కన్ను కూడా తిప్పలేదు. ఆయన ముక్కు రుద్దుకుంటూ, మూలన కూర్చున్న కూతురి వంక చూశాడు. తాగడానికి పట్టి ఉంచిన కాలవ నీళ్లు పారబోశాడు. బిందెలు తీసుకుని బడి వాననీళ్ల తొట్టి దగ్గరికి నడిచాడు.

ఆ నీళ్లే తాగుతూ రోజులు గడిచాయి. ఒక పొద్దున, "అమ్మా! జడ వంకరగా వేశావ్!" అని ఇల్లెగిరిపోయేలా కేక. పంతులమ్మ జడ విప్పి మళ్లీ వేసింది, మళ్లీ వంకరగానే. ఆ కేక ఇంకోసారి వినాలని.

తర్వాత బకెట్లు రెండూ మోసుకుని వీధి వీధంతా కార్ఖానా గేటు ముందు కూర్చుంది. గొట్టం కాలవలోంచి పీకేదాకా లేవలేదు.

"రౌడీలు కూడా మేలుకున్నాయిగా అమ్మమ్మా? మరి పాతచేపలో?" అంది మనవరాలు.

"అవీ మేలుకుని పిల్లల్ని పెట్టాయి. రౌడీల్ని వలేసి పడతాం, చీపురుతో తోలతాం. అంతేగానీ మత్తు పెడితే ఎలాగే? దానికి మంచివాళ్లూ చెడ్డవాళ్లూ ఒకటే."

"పిడుగు ఏమైంది?"

వీధి గుమ్మంలోంచి వాళ్లమ్మ ఫోన్ కేకలు వినపడ్డాయి. "ఎగువ నీళ్లు ఈసారి పరీక్షకి ఎందుకు పంపలేదండీ? మీరు పంపుతారా, నన్నే బకెట్ పట్టుకుని రమ్మంటారా?"

పిల్లలిద్దరూ మొహమొహాలు చూసుకున్నారు.

"అమ్మమ్మా," అన్నాడు మనవడు మెల్లగా, "చేపకి బుద్ధొస్తే ముందు నీళ్లు చూడాలి."

"ఇదిగో, ఇప్పుడు వేశాను పూర్తి మార్కులు," అందావిడ. అంతలో గిన్నెలోంచి ఓ బఠాణీకాయ చేప నోట్లో కిటికీ వైపు ఎగిరిపోతూ కనపడింది. "అయ్యో, సగం కూడా వలవలేదర్రా!" అంటూ అమ్మమ్మ గిన్నె చంకనెట్టుకుని, చీపురు అందుకుని, వంటింట్లోకి పరిగెత్తింది.