ఖాళీ గూట్లో రేకుబిళ్ళ

సుందర్ రాజు మెట్రిక్ పాసయ్యాడు. నేను ఐదో తరగతి మధ్యలో మానేశాను. ఈ సంగతి అతను వారానికి రెండుసార్లైనా నలుగురి ముందు గుర్తుచేసేవాడు. నాకు అతనితో ఉన్న తగాదా అదే. ఖరగ్‌పూర్ రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో మా తెలుగువాళ్ళు నడిపే రైఫిల్ క్లబ్బుకు అతను సెక్రటరీ. నేను వర్క్‌షాపులో వడ్రంగిని. క్లబ్బుకున్న నాలుగు తుపాకులనూ శుభ్రం చేసే సామాను నా చేతికింద ఉండేది. జీతం లేని పనే. కానీ పద్దెనిమిదేళ్ళు రంపం పట్టి, పరీక్ష రాయడం రాక మిస్త్రీ కాలేకపోయిన నన్ను "ఉస్తాద్" అని పిలిచే చోటు లోకంలో అదొక్కటే.

అరవై నాలుగు శీతాకాలంలో ఆ పని కూడా ఊడేలా ఉంది. అప్పట్లో సామానంతా గోనెసంచిలో ఉండేది. ఎవరికి కావలసింది వాళ్ళు లాక్కునేవారు, పని కాగానే ఎక్కడో పడేసేవారు. ముందు ఒక ఇత్తడి బ్రష్షు పోయింది. తర్వాత నూనెసీసా మూత పోయింది.

"సూడు తవిటయ్యా," అన్నాడు సుందర్ రాజు, అందరూ ఉండగా. "పైనెల సాలువా క్యాంపు పోలీసోళ్ళతో మనకి పోటీ. ఆళ్ళ ముందు గోనిసంచి ఇప్పితే పరువేటుంటాది? సామాను సక్కగా సర్దుకుని రా. ఆ రోజు ఒక్క ముక్క తగ్గినా ఈ పని ఇంకొకడికి ఇచ్చేస్తాను."

మర్నాడే గోల్ బజార్‌లో సబ్బుల చెక్కపెట్టె కొన్నాను. సైకిలు హ్యాండిలుకు తగిలించుకునేంత పెట్టె చేసి, పిడి బిగించాను. ఇన్‌స్టిట్యూట్ బిలియర్డ్స్ బల్లకు కొత్తగుడ్డ వేసినప్పుడు పాత ఆకుపచ్చ గుడ్డ మూల పడేశారు. దాన్ని లోపల పరిచాను. తుపాకీ గొట్టంలో దూర్చి తుడిచే, మూడు ముక్కలుగా ఊడే ఇత్తడి కడ్డీకి ఒక గూడు, దాని కొనకు మర తిప్పి బిగించే బ్రష్షులకు రెండు గూళ్ళు, కిరసనాయిలుకీ నూనెకీ హోమియోపతి సీసాలు, చివర గుడ్డపేలికలు. చెయ్యి ఏ వరసలో అడుగుతుందో ఆ వరసలోనే అమర్చాను.

పేలికల కోసం పాతచీర అడిగితే మా ఆవిడ దాలమ్మ పొయ్యి దగ్గర్నుంచే అంది: "నా కోక సింపి తుపాకీకి గోచీ పెడతావేటి? పెట్టు, దానికైనా సిగ్గుంటాది."

ఇక బిళ్ళల సంగతి. మా వర్క్‌షాపులో టూల్‌రూమ్ నుంచి ఉలి తీసుకుంటే, ఉలి వేలాడే మేకుకు మన నంబరున్న బిళ్ళ తగిలించి రావాలి. ఉలి వెనక్కిస్తే బిళ్ళ వెనక్కొస్తుంది. నేను నూనెడబ్బా రేకు గుండ్రంగా కత్తిరించి, మేకుతో నంబర్లు కొట్టి, క్లబ్బులో తలా రెండు బిళ్ళలు పంచాను. ఏ ముక్క తీస్తే ఆ గూట్లో తమ బిళ్ళ పెట్టాలి.

"ఇది క్లబ్బా, లోకోషెడ్డా?" అన్నాడు సుందర్ రాజు. "లిస్టు టైపు సేయించి ఇస్తాను, మూతకి అంటించు. సదువుకున్నోళ్ళు సేసే పని అది."

"లిస్టు ఏటేటి ఉండాలో సెబుతాది బాబూ. ఎవుడు పట్టుకెళ్ళినాడో సెప్పదు."

రైల్వే ఆసుపత్రి నర్సు స్వర్ణకుమారి నవ్వింది. మా క్లబ్బులో అందరికన్నా గురి ఉన్నది ఆ పిల్లకే. "మా ఆపరేషను గదిలోనూ కత్తెర్లు లెక్కెట్టకుండా కుట్లెయ్యరు. నాకు మూడో నంబరు ఇయ్యి బాబాయ్," అంది. దాంతో అతను ముఖం ముడుచుకుని ఒకటో నంబరు పుచ్చుకున్నాడు.

పోటీ రోజు మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పనిలో ఉంటానని చెప్పి, పొద్దుటి పూట సెలవు పుచ్చుకుని ఊరవతలి సాలువా వెళ్ళాను. పెట్టె తెరవగానే క్యాంపు వాళ్ళు చుట్టూ మూగారు. అది చూసి సుందర్ రాజుకు హుషారొచ్చింది. స్వర్ణకుమారి తుపాకీ తనే తీసుకుని, తన బిళ్ళలు గూళ్ళలో పెట్టి, కడ్డీకి బ్రష్షు బిగించి, అందరికీ కనబడేలా తుడవడం మొదలెట్టాడు. ఇంతలో క్యాంపు అధికారి జీపు వచ్చింది. కడ్డీ పెట్టెలో పడేసి, పూలదండ పట్టుకుని అటు పరిగెత్తాడు.

స్వర్ణకుమారిది ఆఖరి వంతు. చాప మీద బోర్లా పడుకుని తూటా పెట్టింది. నేను పెట్టె సర్దుతూ చూద్దును కదా, బ్రష్షు గూట్లో ఇంకా ఒకటో నంబరు బిళ్ళ ఉంది. గడ్డిలో వెతికాను, లేదు. కడ్డీ తీసి చూస్తే కొన ఖాళీగా ఉంది. మర ఊడి, బ్రష్షు గొట్టంలోనే ఉండిపోయిందేమో. అదే అయితే తూటా పేలగానే గొట్టం ఆ పిల్ల ముఖం మీద పగులుతుంది. కాకపోతే పోటీ పాడుచేసినవాణ్ణవుతాను, పెట్టె ఆ పూటే నా చేతిలోంచి పోతుంది.

"ఆగమ్మా, పేల్చకు," అని అరిచాను.

"తవిటయ్యా, నోర్ముయ్యి. ఆ పిల్ల గురి సెడగొడతావేటి?" అన్నాడు సుందర్ రాజు.

"బ్రష్షు తిరిగి రానేదు. గొట్టంలో సూడండి."

స్వర్ణకుమారి మీట మీంచి వేలు తీసి, తూటా లాగేసి, వెనకనుంచి కన్ను పెట్టి గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తింది. "సీకటిగా ఉంది బాబాయ్," అంది మెల్లగా.

కడ్డీతో నెడితే బ్రష్షు చాప మీద పడింది. పోటీ నడిపిస్తున్న క్యాంపు సుబేదారు, నేపాలీవాడు, వచ్చి, పెట్టెలోంచి బిళ్ళ తీసి ఎండకు తిప్పి చూశాడు.

"నంబర్ ఏక్ కౌన్ హై?" అన్నాడు, ఒకటో నంబరు ఎవరిదని.

సుందర్ రాజు చెయ్యెత్తాడు. అధికారి తిరిగి వేసిన పూలదండ ఇంకా అతని మెళ్ళోనే ఉంది. ముందు స్వర్ణకుమారి నవ్వింది, తర్వాత సుబేదారు, తర్వాత క్యాంపంతా. నేనూ కడుపారా నవ్వానని ఒప్పుకుంటాను. అతను దండ తీసి నా మెళ్ళో వేశాడు. "ఉస్తాద్, తప్పు నాది. ఆ పెట్టె నీ దగ్గిరే ఉండనీ, ఇంకెవుడికీ ఇయ్యను," అన్నాడు. పద్దెనిమిదేళ్ళలో నాకు దండ పడటం అదే మొదలు.

మళ్ళీ పేల్చిన స్వర్ణకుమారికి నూటికి తొంభై ఒకటి వచ్చాయి. క్యాంపు వాడికి తొంభై మూడు. ఓడిపోయామని మాలో ఒక్కరికీ అనిపించలేదు. సుబేదారు అలాంటి పెట్టెలు రెండు కావాలని అడిగి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మేకమాంసం, అన్నం పెట్టించాడు. సుందర్ రాజు గరిటె పట్టుకుని వచ్చాడు.

"ఇంకో ముక్క, ఉస్తాద్?"

"ఎముక నీకుంచుకుని మెత్తంది ఎయ్యి," అన్నాను. వేశాడు.

వర్క్‌షాపు ఒంటిగంట సైరను సాలువా దాకా వినిపించదు. చెయ్యి కడుక్కుని చూసేసరికి మూడు దాటింది. ఆ నెల జీతంలో సగం రోజుది కోసేశారు. నాకు పోయింది రెండు రూపాయల ముప్పై ఏడు పైసలు.