మెడ కోయని తూటాలు

షెడ్డు ఊడుద్దామని వెళ్ళిన ఆర్డిత్ చీపురు పట్టుకుని బల్ల ముందు అలాగే నిలబడిపోయింది. తూటాల మెడలు కోసే మిషను కింద చిటికెడు ఇత్తడి పొట్టు కూడా లేదు.

తూటాలు మళ్ళీ నింపుకునే పని మొగుడూ పెళ్ళాం కలిసే చేస్తారు. కాల్చేసిన ఇత్తడి తొడుగుల్ని లైల్ అచ్చులో నొక్కి పాత కొలతకు తెస్తాడు. ఆ నొక్కుడుకు ఇత్తడి మెడ వైపు సాగుతుంది. సాగిన మేర ఆర్డిత్ కోసేస్తుంది. మందు పోసి గుండు బిగించడం మళ్ళీ లైల్ వంతు. ఈసారి పని మధ్యలో గుర్రానికి కడుపునొప్పి వచ్చి ఇద్దరూ కొట్టంలోకి పరుగెత్తారు. తిరిగొచ్చాక ఆమె కోసేసిందని అతననుకున్నాడు. అతనే ఆ పనీ కానిచ్చేశాడని ఆమె అనుకుంది.

బల్లమీద మిగిలిన తొడుగొకటి కొలిచి చూసింది. పొడవెక్కువే. రైఫిల్లో ఆ మెడ ఇరుక్కుంటే గుండును వదలదు. మందు వెనక్కి తంతుంది. వెనకుండేది లైల్ మొహం.

అతను పొద్దున్నే ఆ తూటాలే పట్టుకుని దుప్పి వేటకు కొండెక్కాడు. ఫోను కలవలేదు. ఆర్డిత్ పికప్ తీసి మంచు నిండిన, కలప లారీలు తిరిగే కొండరోడ్డు పట్టింది. సగం దారిలో పైన తుపాకీ పేలింది. ఇంకోటి పేలకూడదని మొక్కుకుంది. పేలితే బతికున్నాడని తెలుస్తుంది కదా అని కూడా అనిపించి, తన మీద తనకే అసహ్యం వేసింది.

బండి వదిలి అడుగుజాడల వెంట పరుగెత్తింది. చెట్ల మధ్య లైల్ తుపాకీని నేలకు ఆనించి, తూటా గదిని మూసి బిగుసుకున్న బోల్టును బూటుతో తంతున్నాడు. అది తెరుచుకుంది. జేబులోంచి ఇంకో తూటా తీశాడు.

"లైల్, పెట్టకు."

మొదటిసారి అతనికి వినపడలేదు. రెండోసారికి అతను తిరిగాడు. చెంపంతా మసి. కళ్ళద్దాల్లో ఒకటి బీటలు వారింది.

"నువ్వేంటే ఇక్కడ? ఉన్న దుప్పుల్నీ తోలేశావు."

"ముందు తుపాకీ కింద పెట్టు."

"బోల్టు పట్టేసిందంతే. చలికి."

"చలికి కాదు. మెడలు కోయలేదు మనం."

"నువ్వు కోశావుగా?"

"నువ్వు కోశావనుకున్నా."

లైల్ అరచేతిలోని తూటా వంక చూశాడు. మెల్లగా మంచులో కూలబడ్డాడు.

"కుడిచెవి వినపడట్లేదు ఆర్డీ," అన్నాడు. "పేలిన చప్పుడుకేలే అనుకున్నా."

ఆమె అతని జేబుల్లోని తూటాలన్నీ ఒక్కొక్కటే తీసి తన కోటులో వేసుకుంది. బండి దాకా అతని చెయ్యి వదల్లేదు.