ఏమీ పెట్టని గుంపు

ఈ ఉదయం పాకలో చివరి గాడి బోర్డు మీద నా పేరు రాసి ఉంది. సలోమి. తొలి ఈత. ఆడదూడ. రంగు ఇంకా ఆరలేదు. తాకిన వేలికి నీలం అంటుకుంటుంది.

నేను ఈ పశు పరిశోధన కేంద్రంలో పేడ ఎత్తే పని చేస్తాను. గాడి శుభ్రంగానే ఉంది, నిన్న దాన్ని కడిగింది నేనే. కూతుర్ని చంకనేసుకుని నా చోట్లో నిలబడతాను. పక్కనున్న బర్రె కాస్త జరిగి నాకు చోటిస్తుంది.

కూతురి పేరు కెజియా. దానికి నా పాలు చాలడం లేదు. అది నిద్రపోతున్నప్పుడు ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. మాడు గుంటపడిందేమోనని తడుముతాను. తడిమిన ప్రతిసారీ కొంచెం గుంటగానే ఉంటుంది. లేకపోతే నా వేలే అలా అనుకుంటుంది.

పాలు పితికే పెంచలయ్య మామ ఎండు వరిగడ్డి తెచ్చి నా గాడిలో విదిలిస్తాడు.

"ఏంది మామా, నాకు గడ్డేస్తుండావు?"

"బోర్డు మీద పేరుంటే ఎయ్యబళ్ళా గదమ్మే. ఎయ్యకపోతే నన్నంటారు."

"నేను మనిషిని గదా."

"మనిషిగానే ఉండు, వొద్దన్నానా? తినకపోతే మిగిల్తది. మిగిలిందాన్ని మళ్ళీ తూకమెయ్యాల. నాకు పని పెరగతది, అంతే."

ఆయనకు పని పెరగడం నాకిష్టం లేదు. గడ్డి తింటాను. చాలాకాలం తాళం వేసిన ఇంటి వాసన వేస్తుంది.

పాక మధ్యలో పేడ కాలువ పారుతుంది. కాలువకు అవతలి గాడుల్లో అప్పుడే కోసిన పచ్చగడ్డి, ఇంకా తడి ఓడుతూ. తవుడు, వేరుశనగ చెక్క కలిపిన దాణా. పిల్లల పౌడరులా తెల్లటి లవణ మిశ్రమం. అవతలి బర్రెలు నూనె రాసినట్టు నిగనిగలాడుతుంటాయి. ఇవతల అన్నిటికీ డొక్కలు కనిపిస్తుంటాయి.

హిమజ మేడం తూకానికి వస్తుంది. ఈ పరిశోధనకు పెద్ద డాక్టరు ఆమె. మంచి మనిషి, బర్రెల్ని కూడా మీరు అంటుంది. ఇన్నాళ్ళూ నన్ను నువ్వు అనేది. ఈ రోజు నన్ను కూడా మీరు అంటోంది.

"మేడం, నేను ఈ పక్కెందుకుండాను?"

"మీరు రెండో గుంపు, సలోమి గారూ. మొదటి గుంపుకి అన్నీ పెడతాం. రెండో గుంపుకి ఏమీ పెట్టం. చూస్తాం."

"చూసి?"

"తిన్నవాళ్ళు ఎంత బాగున్నారో తెలియాలంటే, తిననివాళ్ళు ఎంత చిక్కిపోయారో తెలియాలి కదా."

లెక్క సరిగానే ఉంది. "మరి ఎవరు ఏ గుంపో ఎవరు చెప్పారు మేడం?"

"చీట్లు వేశాం. కస్తూరి గారు తీశారు. గేదెకి పక్షపాతం ఉండదు."

కస్తూరి అవతలి వరుసలో మొదటి బర్రె. అది నన్ను చూస్తూ నెమరేస్తుంది. పెదవికి చిన్న కాగితం ముక్క ఇంకా అంటుకునే ఉంది.

కెజియాను దూడల త్రాసు మీద పడుకోబెడతారు. ముల్లు ఒకచోట ఆగి, అక్కడి నుంచి వెనక్కి జరుగుతుంది. నేను ఊపిరి బిగబట్టి చూస్తాను, నా ఊపిరికే ముల్లు కదిలిందేమోనని.

"ఊహించినట్టే వస్తోంది" అంటుంది మేడం. ఆ గొంతులో సంతోషం లేదు, విచారమూ లేదు.

మేడం పోయాక కాలువ దాటి అవతలి గాడిలోంచి గుప్పెడు దాణా తీసుకుంటాను. ఎవరూ అడ్డు చెప్పరు. ఇవతలికొచ్చి గుప్పిలి తెరిస్తే అందులో వరిపొట్టు ఉంది. మళ్ళీ పోతాను. ఈసారి గ్లాసుతో కస్తూరి పాలు తెస్తాను. కాలువ మీదుగా కాలు ఎత్తినప్పుడు పాలు. దించినప్పుడు కుడితి.

"పాట్లు పడబాక అమ్మే" అంటాడు పెంచలయ్య మామ, గుంజకు ఆనుకుని బీడీ ముట్టించుకుంటూ. "కాలవ దాటిందేదైనా ఏ పక్క చేరితే ఆ పక్కదే అయిపోతది. నేను అవతలుంటే నాకు మోకాళ్ళ నొప్పుల్లేవు. ఇట్టా వొస్తే ఉండాయి."

"అయితే అవతలే ఉండొచ్చు గదా మామా."

"బీడీలు ఇవతలుండాయి గదా."

పూటపూటకీ తూకం. పూటపూటకీ ముల్లు వెనక్కే. అది సున్నా కూడా దాటి వెనక్కి పోయిన పూట, కెజియా నా చేతుల్లోంచి లేస్తుంది. కాగిన పాల మీద మీగడ లేచినంత మెల్లగా. పాదం పట్టుకుని దించుతాను. మొలతాడుకు పలుపు కట్టి, ఆ కొస గుంజకు ముడేస్తాను. ముడి సరిగా పడిందా అని చూస్తాను. మళ్ళీ చూస్తాను. కెజియా పలుపు పొడవునా పైకి పోయి, వాసాల కింద ఆగి, అక్కడి పిచ్చుకల్ని చూసి నవ్వుతుంది. ఆ నవ్వు కూడా తేలికైపోయింది. కిందికి, నా దాకా రాదు.

పాలివ్వాలంటే పలుపు లాగి దించుకోవాలి. రెండు గుటకలు పడగానే మళ్ళీ పైకి పోతుంది.

మా అత్త మరియమ్మ క్యారియరు పట్టుకుని పాక గుమ్మంలోకి వస్తుంది. పైకి చూస్తుంది.

"ఇదేం చోద్యమమ్మా. మా వంశంలో ఇట్టా పైకి పోయిన పిల్లల్లేరు. మీ వైపుదే అయ్యుంటాది."

"పాలు చాలక అత్తా."

"నేను ముగ్గురికిచ్చినా. ఒక్కడన్నా వాసాలంటుకున్నాడా?" క్యారియరు మూత తీసి, నా గాడిలో గడ్డి చూసి, మళ్ళీ మూత పెడుతుంది. "నీకు పెట్టేసుండారే. ఇది మీ ఆయనకి పంపిస్తాలే, రొయ్యల గుంట కాడ ఆకలేస్తా ఉంటాది." ఆమె వెళ్ళిపోతుంది. పప్పుచారు వాసన మాత్రం కాసేపు గుమ్మంలో నిలబడి, తర్వాత అదీ పోతుంది.

మేడం పైనున్న కెజియాను తలెత్తి చూసి, "వంశం కూడా చూడాలి" అంటుంది. "మీ అమ్మగారు ఎన్ని లీటర్లు ఇచ్చేవారు?"

"తెలీదు మేడం. మాయమ్మది పొగాకు కాల్చే బ్యారన్లో పని. పాలొస్తే రవికెలోనే ఇంకిపొయ్యేవంట."

"వాళ్ళ అమ్మగారు?"

"అదీ తెలీదు."

"అడుగుదాం రండి" అని వెనక గోడకున్న తలుపు తీస్తుంది. రోజూ ఆ గోడ కడుగుతాను, అక్కడ తలుపు లేదు. బళ్ళో ఉండగా ఆవు కడుపులో నాలుగు గదులుంటాయని పాఠం వచ్చింది. మూడో గది దాకా చదివాక నన్ను బడి మానిపించారు. ఈ తలుపు వెనక ఉన్నది నాలుగోదని చూడగానే తెలిసిపోతుంది.

లోపల మా వరుసే సాగుతోంది. అవే ఎండుగడ్డి గాడులు. మొదటి దాని దగ్గర మా అమ్మ నిలబడి ఉంది. అమ్మ వెనక అవ్వ. అవ్వ వెనక అవ్వ వాళ్ళమ్మ. ఇంకా వెనక చీకటి, చీకట్లో గడ్డి నములుతున్న చప్పుడు. అందరిదీ నా వయసే. అందరి మెడ ఎముకలూ నావే. అందరూ చంకలో ఏదో ఎత్తుకుని, పైన కొంగు కప్పుకుని ఉన్నారు.

"అమ్మే, నీక్కూడా ఎండుగడ్డేనా?" అంటుంది అవ్వ.

"అవునవ్వా."

"తడుపుకోని తిను. దగ్గు రాదు."

అమ్మ నా తలకేసి చూస్తుంది. "చమురన్నా పెట్టుకోలేదేందే" అంటుంది.

"ఇది ఇప్పుడు మొదలైందనుకున్నారా?" అంటుంది మేడం మెల్లగా. "ఏమీ పెట్టని గుంపు ఒక్క తరంలో తయారు కాదు సలోమి గారూ. దానికి ఎంతో ఓపిక కావాలి."

"మేడం, కెజియాను మొదటి గుంపులో ఎయ్యండి. నన్నొద్దు. దాన్నొక్కదాన్నే."

"ఒక్కరికి పెట్టినా గుంపు చెడిపోతుంది" అని, టీకాల ఫ్రిజ్జు మూసినట్టు, చలి బయటికి పోకుండా ఆమె ఆ తలుపు మూస్తుంది.

కస్తూరి దూడ పుట్టిన కొద్దిరోజులకే చనిపోయింది. మా దగ్గర దూడ పోతే దాని తోలు ఒలిచి, ఉప్పు రాసి, లోపల గడ్డి కుక్కి కుట్టి, తల్లి ముందు నిలబెడతారు. తల్లి ఆ గడ్డి దూడను నాకి చేపుతుంది, పొదుగులోకి పాలు దించుతుంది. పాపం బర్రెకు తెలీదు అంటారు అందరూ. తెలుసని నేననుకుంటాను.

ఇవాళ కస్తూరి దూడను నాకుతూ నాకుతూ కుట్టు ఊడదీసింది. గడ్డి కనపడింది. లోపలిదంతా తినేసింది. ఇప్పుడు తోలు ఖాళీగా నేల మీద పడి ఉంది, కస్తూరి దాని మీద మూతి ఆనించి నిలబడి ఉంది. చేపడం లేదు. మేడం గాడి అంచు మీద కూచుని తల పట్టుకుంటుంది.

నేను పలుపు లాగి కెజియాను కిందికి దించుతాను.

"మేడం, దీన్ని ఆ తోల్లో పెడదాం."

మేడం తల మీంచి చేతులు తీస్తుంది. "అప్పుడు ఆమె కస్తూరి గారి దూడ అవుతుంది. మీ దూడ కాదు."

"పాలుంటాయి గదా."

"పాలకేం. ఉంటాయి."

"గుంపు చెడిపోదా మేడం?"

"మీ గుంపుకి ఏమీ పెట్టడం లేదు కదా. ఇంకొకటి తీసుకుంటున్నాం, అంతే."

పెంచలయ్య మామ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గిస్తాడు. "అమ్మే, మళ్ళీ ఇట్టా తెస్తే ఏమవతాదో ఎరికే గదా?"

"తేను మామా."

ఆయన గోనెలు కుట్టే దబ్బనం తీస్తాడు. కెజియాను తోల్లో పడుకోబెట్టి కడుపు నుంచి మెడ దాకా కుట్టుకొస్తాడు. "మొకం బయటికొదులు మామా, ఊపిరాడాల" అంటాను. "ఎవురికి నేర్పుతుండావు?" అంటాడు, కళ్ళు మాత్రం ఎత్తడు. కుట్టయ్యాక ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను. వెచ్చగా ఉంది.

కాలువ దాటించేది నేనే. కాలు ఎత్తినప్పుడు నా చేతుల్లో ఏ బరువూ లేదు. దించినప్పుడు ఉంది. మోచేతులు కిందికి వంగిపోతాయి. అంత బరువైన బిడ్డను నేనెప్పుడూ ఎత్తుకోలేదు. ఒక్క క్షణం అలాగే ఎత్తుకుని నిలబడతాను. తర్వాత దించుతాను.

కస్తూరి వాసన చూస్తుంది. నుదుటి మీంచి వెనక్కి నాకుతుంది. పొదుగు నిండుతుంది. కెజియా చన్ను దొరకబుచ్చుకుని గుటకలేస్తుంది. ఆ గుటకల చప్పుడు పాకంతా వినిపిస్తుంది. నా దగ్గర ఆ చప్పుడు ఎప్పుడూ లేదు.

"దీని దుంపదెగ, ఎట్టా తాగతా ఉండాదో!" అంటాడు పెంచలయ్య మామ.

త్రాసు ముల్లు ముందుకి నడుస్తుంది. నా దిష్టే తగులుతుందని ముఖం తిప్పుకుని ఇవతలికి వస్తాను.

కెజియా మెడ మీద మడతలు పడతాయి. వెంట్రుకలు నల్లగా నిగనిగలాడతాయి. నా గాడి దగ్గర నుంచి "కెజీ" అని పిలుస్తాను. ఈగ వాలితే అది చెవి విదిలిస్తుంది. నా పిలుపుకు విదిలించదు. ఇంకోసారి పిలవను. తాగేటప్పుడు పిలిస్తే పొలమారుతుంది.

"మీరు చేపడం మానేశారు" అంటుంది మేడం. "రెండో గుంపు కొలతలు ఆగిపోతాయి."

పెంచలయ్య మామ కెజియా పసుపు గౌను అడుగుతాడు. బాతు బొమ్మలది. ఇస్తాను. నా గాడిలో మిగిలిన గడ్డి అందులో కుక్కి, చేతులు కుట్టి, కాళ్ళు కుట్టి, ఉప్పు చల్లి తెచ్చి నా చేతుల్లో పెడతాడు.

అది గడ్డి అని నాకు తెలుసు. ముక్కు ఉండాల్సిన చోట వేలు పెట్టి చూస్తాను. మాడు తడుముతాను. గుంట లేదు. గట్టిగా కుక్కాడు మామ.

వెనక తలుపు మళ్ళీ తెరుచుకుని ఉంది. అమ్మ ఇన్నాళ్ళకు కొంగు పక్కకు తీస్తుంది. ఆమె చంకలో గడ్డిపిల్ల ఉంది. ఎర్ర చుక్కల గౌను వేసుకుంది. మోచేతి దగ్గర మేకు తగిలి చిరిగితే అమ్మ నల్లదారంతో వేసిన కుట్టు. ఆ గౌను నాది.

నా మోచెయ్యి తిప్పి చూసుకుంటాను. అక్కడ నల్లదారం. దారం పక్క నుంచి ఒక గడ్డిపరక బయటికి తొంగి చూస్తోంది.

"లాగబాక అమ్మే" అంటుంది అవ్వ, నములుతూనే. "అంతా ఊడొస్తాది."

లాగను. నా చేతుల్లోని గడ్డిపిల్ల ముఖం తిప్పి, వెతికి, ఆ పరకను నోటితో అందుకుంటుంది. మెల్లగా లాగి నములుతుంది. బాగా ఆకలి మీద ఉంది. ఇంకో పరక వస్తుంది, ఇంకోటి. మోచెయ్యి ఖాళీ అవుతుంది, తర్వాత భుజం.

నేను చేపుతాను.