ఊళ్లో ఇంకొకరు

ఆ ఏడాది ఎస్తర్ రాణి టీచరుకి ఒక వింత అలవాటు పట్టుకుంది. నలుగురు కూర్చుని తింటున్న చోట ఆవిడ చూపు విస్తళ్ల మీదా, చేతుల మీదా, నోళ్ల మీదా తిరిగేది. పెళ్లి విందులో, జ్ఞాపకార్థ కూడికలో, ఆఖరికి నర్సీపట్నం బస్టాండు పక్క హోటల్లో ఇడ్లీ తినేవాళ్లని కూడా వదిలేది కాదు. ఎవరు చిన్న ముద్ద కలుపుతున్నారు, ఎవరు ఎక్కువసేపు నములుతున్నారు, ఎవరు సగంలో లేచిపోతున్నారు, ఇదే ధ్యాస. పాపం, తిండికి మొహం వాచిపోయిందనుకున్నారు చూసినవాళ్లు. అదేం కాదు. ఆవిడ ఒక మనిషి కోసం వెతుకుతోంది. ఆ మనిషి పేరు తెలీదు, ఊరు మాత్రం తెలుసు. ఊరు ఇదే, నర్సీపట్నం.

సంగతేమిటంటే, 2006 వేసవి సెలవుల్లో ఎస్తర్ రాణి విశాఖపట్నం వెళ్లి బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకుంది. పొట్టలోని సంచిని కోసి చిన్నది చేస్తారు. మోకాళ్లు అరిగిపోయి, మిషన్ స్కూలు మేడమెట్లు ఎక్కలేక, కుర్చీలో కూర్చునే పాఠం చెప్పాల్సివచ్చి, విసిగిపోయి చేయించుకుంది. భర్త దయాసాగర్‌కి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలీదు. ఊరందరికీ గాల్‌బ్లాడర్‌లో రాళ్లని చెప్పారు. నిజం చెబితే ఏం పోయింది అంటారా? చెప్పి చూడండి మరి. "నోరు కట్టుకోలేక కడుపు కోయించుకుందట" అన్నమాట సాయంత్రానికల్లా రావికమతం దాకా పాకిపోతుంది.

ఆ అబద్ధానికి తోడు ఇంకొకటి వచ్చి చేరింది. మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో కేరేజీలు విప్పగానే, "నేనివాళ ఉపవాస ప్రార్థనలో ఉన్నాను" అనేది. పక్క కుర్చీ కరుణకుమారి టీచరు చర్చి కోయిర్‌లో కూడా ఆవిడ పక్కనే నిలబడి పాడుతుంది. కరుణకుమారి ఇది విని కళ్లనీళ్లు పెట్టుకునేది. "ఎంత భక్తండీ మీది! నేనూ ఉన్నాను ఎందుకూ, టిఫినుకి ఆలస్యమైతే సాలు, కళ్లు తిరిగిపోతాయి" అనేది. ఎస్తర్ రాణికి సిగ్గుతో తల వాలిపోయేది. దాన్ని కూడా భక్తి కిందే జమకట్టేవాళ్లు.

అసలు భయం వేరే ఉంది. బరువు తగ్గింది, మోకాళ్లు తేలికపడ్డాయి, అంతవరకూ బాగానే ఉంది. కానీ ముద్ద దిగడం లేదు. పలచటి జావ, మజ్జిగ, చారునీళ్లు తప్ప ఏం మింగినా గుండెల దగ్గర అడ్డంపడి కాసేపటికి బయటికొచ్చేసేది. దువ్వెన పెడితే జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడొచ్చేది. చేజేతులా ఒళ్లు పాడుచేసుకున్నానేమోనని బెంగ. చెకప్‌కి వెళ్తే డాక్టరు గారు పరీక్షలన్నీ చేయించి, లోపల ఏ ఇబ్బందీ లేదన్నారు.

"భయంతో తినడం మానేశారమ్మా మీరు. ఇలాగే ఉంటే మళ్లీ ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తుంది. ఈ దారిలో నడిచినవాళ్లతో ఒకసారి మాట్లాడితే మీకు ధైర్యం వస్తుంది. మీ ఊళ్లోనే ఒకావిడ ఉన్నారు. ఎప్పుడో చేయించుకున్నారు, ఇప్పుడు హాయిగా తింటున్నారు."

"ఎవరండీ ఆవిడ?"

"పేరు చెప్పకూడదమ్మా. మీ పేరు ఆవిడకి చెబితే మీరు ఊరుకుంటారా?"

ఊరుకోదు. అందుకే మారుమాట్లాడకుండా వచ్చి బస్సెక్కింది. కానీ దారి పొడుగునా మనసు ఊరుకోలేదు. హాయిగా తింటున్నారట! ఎవరబ్బా? ఏ వీధిలో ఉంటుంది? ఏం తింటుంది, ఎలా తింటుంది? ఒక్కసారి కనబడితే చాలు, కాళ్లు పట్టుకునైనా అడగాలి అనుకుంది.

అలా మొదలైంది వేట. దయాసాగర్‌కి ఇదేం నచ్చలేదు. "ఆలెలా తింతన్నారు, ఈలెలా తింతన్నారు... ఏటిది రాణీ? దిష్టెడతన్నావనుకుంటారు జనం" అని కసిరాడు. అన్నంత పనీ అయింది. గొలుగొండలో పెళ్లికెళ్తే ఎదురుగా కూర్చున్న ముసలమ్మ విస్తరికి పమిట అడ్డం పెట్టుకుని తింది.

ఫోటో స్టూడియో అప్పాయమ్మ మీద ఎస్తర్ రాణికి గట్టి అనుమానం కలిగింది. పీపాలా ఉండే మనిషి ఆ ఏడు బాగా చిక్కింది, ముద్ద ముద్దకీ ఆగి ఆగి తింటోంది. పాస్‌పోర్టు సైజు ఫోటో నెపంతో వెళ్లి, ఆ మాటా ఈ మాటా చెప్పి, మెల్లిగా కూపీ లాగింది. అప్పాయమ్మ అటూ ఇటూ చూసి, చటుక్కున నోట్లోంచి పళ్లసెట్టు తీసి అరచేతిలో పెట్టి చూపించింది. "కొత్తవమ్మా, నొక్కీస్తన్నాయి. ఎవులికీ సెప్పకు" అంది. ఎస్తర్ రాణికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చెప్పనని మాటిచ్చి బయటపడింది.

ఇంతమందిని జల్లెడ పట్టింది గానీ, సొంత స్కూల్లో తెలుగు చెప్పే శారదాంబ సంగతి మాత్రం ఆలోచించనే లేదు. శారదాంబ భర్త యాజులు గారికి రెండేళ్ల కిందట రాజమండ్రి నుంచి ఇక్కడి ట్రెజరీకి బదిలీ అయింది. వచ్చిన రోజు నుంచీ ఆవిడ సన్నగానే ఉంది. సన్నబడ్డవాళ్ల కోసం వెతికే మనిషికి, మొదటినుంచీ సన్నగా ఉన్నావిడ ఎందుకు కనిపిస్తుంది? పైగా ఆవిడంటే ఎస్తర్ రాణికి కోపం. శారదాంబ ఏనాడూ స్టాఫ్‌రూమ్‌లో తినదు. చిన్న డబ్బా పట్టుకుని లైబ్రరీ గదిలోకి వెళ్లిపోతుంది. ఆచారం అన్నారు అందరూ. కొత్తలో ఒకరోజు, పాపం ఒక్కర్తే తింటోంది కదా అని ఎస్తర్ రాణి గ్లాసుతో నీళ్లు పట్టుకెళ్లింది. శారదాంబ చెయ్యి అడ్డం పెట్టి, "ఇప్పుడొద్దండీ, తర్వాత తాగుతాను" అంది. మా చేతి నీళ్లు పనికిరావు కాబోలు! ఆ గ్లాసు వెనక్కి తెచ్చుకున్నప్పుడు కలిగిన అవమానం ఎస్తర్ రాణి ఈనాటికీ మర్చిపోలేదు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా గుడ్ మార్నింగులే తప్ప మాటల్లేవు.

దసరా సెలవులకి ముందు హెడ్మాస్టరు ప్రభుకుమార్ గారు రిటైరయ్యారు. స్కూలు గ్రౌండులో షామియానా వేసి భోజనాలు పెట్టారు. ఎస్తర్ రాణి మామూలు పాట ఎత్తుకోబోతే కరుణకుమారి చెయ్యి పట్టుకు లాక్కొచ్చి కూర్చోబెట్టింది.

"ఇయాల కూడా ఉపవాసమేటండీ? హెడ్మాస్టరు గారి విందుకి దేవుడు కూడా వద్దనడు. రెండు ముద్దలు తినీసి బేగి లేచిపోండి."

హెడ్మాస్టరు గారు ఎదురుగా నిలబడి చూస్తున్నారు. తప్పలేదు. ఎస్తర్ రాణి ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, కంగారులో సరిగ్గా నమలకుండానే మింగేసింది. అంతే. గుండెల మధ్య బండ పెట్టినట్టయింది. చెమటలు పట్టేశాయి. కరుణకుమారి హడలిపోయి గ్లాసు అందించింది.

"ఇదిగో, నీళ్లు తాగండి!"

"ఇప్పుడొద్దు... తర్వాత తాగుతాను" అంది ఎస్తర్ రాణి, చెయ్యి అడ్డం పెట్టి. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి అని డాక్టరు గారు మరీ మరీ చెప్పి పంపిన మాట.

తనన్న మాటకి తనే ఠక్కున ఆగింది. ఈ మాట ఎక్కడో విన్నాను. ఇలాగే, చెయ్యి అడ్డం పెట్టి. ఎక్కడ? తల ఎత్తి చూసేసరికి ఎదురుగా సాంబారు బకెట్టు పట్టుకుని శారదాంబ నిలబడి ఉంది. ఏ విందులోనైనా ఆవిడ వడ్డించేది, ఆఖరు పంక్తిలో తింటానని అందరికీ చెప్పేది. ఆ ఆఖరు పంక్తిలో ఆవిడ కూర్చోగా చూసినవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఇప్పుడా చేతిలో గరిటె కదలడం లేదు. గుండెలు అదుముకుంటున్న ఎస్తర్ రాణి చేతినే చూస్తోంది ఆవిడ.

"లేవండి. నాలుగడుగులు నడవండి, దిగుతుంది. భయం లేదు" అంది శారదాంబ, ఎస్తర్ రాణి చెవిలో.

ఇద్దరూ లైబ్రరీ గదిలోకి వచ్చి పడ్డారు. రెండుసార్లు అటూ ఇటూ తిరిగేసరికి నిజంగానే బరువు దిగింది. ఎస్తర్ రాణి తేరుకుని, "మీరేనా?" అంది.

"నేనే. రాజమండ్రిలో ఉండగా విశాఖపట్నం వచ్చి ఈ డాక్టరు గారి దగ్గరే చేయించుకున్నాను. ఇక్కడికొచ్చేసరికే ఇలా అయ్యాను" అంది శారదాంబ. "డాక్టరు గారు నాకూ చెప్పారండీ, మీ ఊళ్లో కొత్తగా ఒకావిడ చేయించుకుంది, భయపడుతోంది అని. అప్పట్నుంచీ ఊరంతా వెతుకుతున్నాను. మీరు ఉపవాసమంటే నమ్మేశాను!"

"మీది ఆచారమంటే నేనూ నమ్మీసేనండీ!"

ఇద్దరికీ నవ్వొచ్చింది. కానీ ఎస్తర్ రాణి మనసులో ముల్లు అలాగే ఉంది. దాన్ని దాచుకోలేకపోయింది.

"ఆ రోజు నీళ్లు కాదన్నారు. మా చేతి నీళ్లు మీకు పనికిరావనుకున్నాను. ఇంటికెళ్లి ఏడ్చేను, తెలుసా?"

శారదాంబ మొహం పాలిపోయింది. "అయ్యో! తింటూ తాగకూడదు కదండీ, అంతే. ఆచారం అని అందరూ వాళ్లంతట వాళ్లే అనుకున్నారు. ఆ మాటంటే ఇక ఎవరూ ఆరాలు తీయరు కదా అని ఊరుకున్నాను. ఎదుటి మనిషికి ఎలా ఉంటుందో ఆలోచించలేదు. తప్పేనండీ నాది" అని ఎస్తర్ రాణి రెండు చేతులూ పట్టుకుంది.

ఎస్తర్ రాణి ఆ చేతుల్ని గట్టిగా నొక్కింది. తర్వాత ఎస్తర్ రాణి ప్రశ్నల మీద ప్రశ్నలు గుప్పించింది. పులుపు పడుతుందా? ప్రయాణాల్లో ఎలా? ఈ జుట్టు మళ్లీ వస్తుందా? ఆఖరి ప్రశ్నకి శారదాంబ వీపు మీద జడ ముందుకు వేసి ఆవిడ చేతిలో పెట్టింది. దిట్టంగా, బరువుగా ఉంది. "సగం ఊడిపోయాక వచ్చిందిది" అంది.

ఎస్తర్ రాణి ఆ జడని చాలాసేపు వదల్లేదు.

శారదాంబ డబ్బా మూత తీసింది. మెత్తటి అన్నంలో పెసరపప్పు. పసిపిల్లలకి పెట్టే చెంచా ఒకటి. "నేను మాట్లాడుతుంటాను, మీరు నములుతుండండి. అడ్డంపడితే లేచి నడుద్దాం, నేనూ వస్తాను. నాకు మొదట్లో పక్కన ఎవరూ లేరు" అంది.

చెంచాడు పప్పన్నం. నమిలింది, నమిలింది, మింగింది. ఇద్దరూ ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పైకి వస్తుందా? రాలేదు. ఇంకో చెంచాడు. అదీ దిగింది. ఎస్తర్ రాణి కళ్లలోంచి నీళ్లు జారాయి. ముద్ద ఇంత రుచిగా ఉంటుందని మర్చేపోయింది.

అటెండరు సోమన్న వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. ఆచారం టీచరమ్మా, ఉపవాసం టీచరమ్మా ఒకే డబ్బాలో తింటుంటే ఆగడా మరి!

"ఇదేటండమ్మా! ఆ కూసింత డబ్బా మీ ఇద్దరికీ ఏటి సరిపోద్ది? ఇంకేటైనా అట్టుకొచ్చీనా?"

ఎస్తర్ రాణి నోట్లో ముద్ద ఉంది. సోమన్న నిలబడ్డాడు. శారదాంబ కూడా ఆగింది. ఎస్తర్ రాణి తొందరపడకుండా, నిమ్మళంగా నమిలి మింగి, అప్పుడు చెప్పింది.

"ఇంకా మిగుల్తాది సోమన్నా."